కడప నల్లబండల మీద రెడ్ స్పెషల్: గిటారు తయారీ డైరీ

దశ 1: ఏ గిటారు, ఎందుకు

పేరుపడ్డ గిటార్లలో చాలావాటికి కథ ఘనంగా ఉంటుంది, ఇంట్లో కూర్చుని నకలు తీయడానికి మాత్రం పనికిరావు. ఎరిక్ క్లాప్టన్ 'బ్లాకీ'నే తీసుకోండి. 1970లో నాష్‌విల్‌లో ఆరు పాత స్ట్రాటోకాస్టర్లు కొని, మూడు మిత్రులకిచ్చి, మిగిలిన మూడింటి భాగాలు కలిపి దాన్ని చేయించుకున్నాడు. 2004 వేలంలో అది 9,59,500 డాలర్లు పలికింది. మొదలుపెట్టడానికే మూడు గిటార్లు చేతిలో ఉండాలన్నమాట. బి.బి.కింగ్ 'లూసిల్' వంపు తిరిగిన పలకల గిటారు. ఆ వంపు తీయడానికి అచ్చులు కావాలి. విల్లీ నెల్సన్ 'ట్రిగ్గర్' నైలాన్ తీగల వాయిద్యం; దాని ప్రత్యేకత ఏళ్ల తరబడి వాయించగా అరిగి పడ్డ బొక్క. దాన్ని మనం ఉలితో చేస్తే నవ్వులపాలే.

మిగిలింది ఇంగ్లండు రాక్ బృందం క్వీన్‌లోని బ్రయాన్ మే వాయించే 'రెడ్ స్పెషల్'. 1963 ఆగస్టులో, పదహారేళ్ల వయసులో, లండన్ శివార్లలోని ఫెల్తమ్‌లో తండ్రి హెరాల్డ్‌తో కలిసి దాని పని మొదలుపెట్టాడు. పూర్తి కావడానికి రెండేళ్లు పట్టింది, ఖర్చు ఎనిమిది పౌండ్లు. 2002 జూన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ పైకప్పు మీద నిలబడి వాయించింది కూడా దీన్నే.

ఈ గిటారు గురించి ఎవరు చెప్పినా పొయ్యి గూటి చెక్క, అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు, అల్లిక సూది అంటూ మురిసిపోతారు. నా లెక్క వేరు. అది నేటికీ శ్రుతి తప్పకుండా పలకడానికి కారణం చెక్క కాదు. తీగ ఎక్కడెక్కడ రాసుకుంటుందో వెతికి, ఆ రాపిడిని ఒక్కొక్కటిగా తీసేయడం. అందుకే సామాను మనూరిది తీసుకున్నాను, కొలతలు మాత్రం వాళ్లవి ఉంచాను.

ఉంచినవి: 24 అంగుళాల తీగ పొడవు (609.6 మి.మీ.), 24 ఫ్రెట్లు (గిటారు మెడ మీది అడ్డ లోహపు పట్టీలు), వాటి ముందు సున్నా ఫ్రెట్టు, కత్తి అంచు మీద ఊగే ట్రెమొలో (చేతికర్రతో స్వరాన్ని దించే ఏర్పాటు), బ్రిడ్జి (తీగల కింది కొస ఆనే వంతెన) మీద తిరిగే రోలర్లు, ఒకదాని వెంట ఒకటిగా కలిపిన మూడు పికప్‌లు (తీగ కదలికను విద్యుత్ సిగ్నలుగా మార్చేవి).

దశ 2: చెక్క

ఫెల్తమ్ ఇంట్లో పాత పొయ్యి గూటి మహాగని దొరికింది. కడపలో చలి కాచుకునే గూడు ఎవరింట్లో ఉంటుంది? కూల్చిన మిద్దె ఇంటి ద్వారబంధం నిలువు చెక్క దొరికింది, టేకు. పసుపు, సున్నం, ఆయిల్ పెయింటు పొరలు గీకేసరికి లోపల చెక్క బంగారంలా ఉంది.

కనిపించిన ప్రతివాళ్లూ ఎర్రచందనం ఎందుకు వాడలేదని అడిగారు. ఎదురుగా పాలకొండల్లో పెరుగుతుంది, వాయిద్యాలకు మంచిదే, జపాన్‌లో షమిసెన్ అనే తీగ వాయిద్యానికి అదే వాడతారు. అనుమతి పత్రం లేకుండా ఒక్క ముక్క ఇంట్లో ఉన్నా కేసు అవుతుంది. ఆ ఆలోచన అక్కడితో వదిలేయండి.

1. పాత చెక్కను మిషను కోతకు పంపేముందు పాత స్పీకరు అయస్కాంతాన్ని దాని పొడవునా జరపాలి. నా చెక్కలో తల విరిగిన మేకులు నాలుగు బయటపడ్డాయి. కోత మిల్లులో బ్లేడు విరిగితే ఖర్చు మన మీదే పడుతుంది.
2. పురుగు తొలిచిన రంధ్రాల్లో అగ్గిపుల్లలకు జిగురు రాసి దిగగొట్టాలి. బ్రయాన్ మే కూడా తన గిటారు నెక్‌లో (మెడలో) ఇదే చేశాడు.
3. టేకులో నూనె ఉంటుంది. అతికించే ముందు ఆ ముఖాన్ని థిన్నర్‌తో తుడిచి, పావుగంటలోపే జిగురు పెట్టాలి.
4. తెల్ల జిగురు పని తెల్లవారుజామునే ముగించాలి. ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటాక, క్లాంపు బిగించేలోపే జిగురు పైన పొర కడుతోంది. అలా అతికించిన మొదటి జోడు ఉలి పెట్టగానే ఊడి వచ్చింది.
5. నెక్, ఫ్రెట్‌బోర్డు (నెక్ మీద ఫ్రెట్లు దిగే పలక) అతుకుకు ఎపాక్సీయే వాడాలి. తెల్ల జిగురు ఆరాక కూడా, వేడిలో బరువు మోస్తూ ఉంటే మెల్లగా జారుతుంది. మే నెలలో మూసిన కారులో గిటారు వదిలితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఫ్రెట్‌బోర్డుకు వాళ్లు ఓక్ వాడి నల్లగా పూశారు. నేను నల్లతుమ్మ అనుకున్నాను. డిపోలో తెచ్చిన పలక 910 గ్రాములుండేది. వారం వారం తూచాను. 790కి దిగి ఆగింది, ఆగేసరికి 6 మి.మీ. మెలిక తిరిగింది. దాన్ని పక్కన పడేసి, పాత ఎద్దుల బండి నొగ ముక్క, అదీ తుమ్మే, తెచ్చి కోయించాను. అది ఏళ్ల తరబడి ఎండలోనే ఎండింది, బరువులో 4 గ్రాములు కూడా తగ్గలేదు. చిత్రిక పట్టిన వడ్రంగి మాత్రం మూడుసార్లు పదును పెట్టుకోవలసి వచ్చింది.

గిటారు ఒంటికి మధ్య దిమ్మె టేకు, రెక్కలు బ్లాక్‌బోర్డు (బడిలో నల్లబల్ల కాదు, పలుచని పొరల మధ్య చెక్క పట్టీలు అతికించిన పలక), లోపల డొల్ల. బ్లాక్‌బోర్డు అనగానే ముఖం చిట్లించకండి, అసలు గిటారులోనూ అదే ఉంది. దాని మీద ధ్వని రంధ్రం కోయాలని మే మొదట అనుకుని, చివరికి కోయలేదు. నేనూ కోయలేదు. బి.బి.కింగ్ తన గిటారు రంధ్రాల్లో గుడ్డలు కుక్కి ఆంప్లిఫయరు ఊళను (ఫీడ్‌బ్యాక్) ఆపేవాడు. 1980లో గిబ్సన్ కంపెనీ లూసిల్ పేరుతో తెచ్చిన మోడల్‌కు ఆ రంధ్రాలే లేవు. కోసి కుక్కడం కన్నా కోయకపోవడం తేలిక.

ఖర్చు: టేకు 1,400, తుమ్మ పలక 250, నొగ ముక్క, కోత కూలి 300. ఇప్పటిదాకా రూ. 1,950.

దశ 3: చదునైన బండ ఎక్కడ దొరుకుతుంది

ఫ్రెట్‌బోర్డు చదునుగా లేకపోతే మిగతా పనంతా దండగ. దాన్ని చదును చేయాలంటే, దానికన్నా చదునైనది ఇంకొకటి ఉండాలి. పెద్ద ఊళ్లలో ఇంజనీరింగు సర్ఫేస్ ప్లేట్ కొంటారు, వేలల్లో ఉంటుంది. కడప జిల్లాలో ఉండి బండ కొనడమా అనిపించింది. ఎర్రగుంట్ల దారిలో పాలిష్ బండల యార్డులో రెండడుగుల పొడవు, అరడుగు వెడల్పు తునకలు తెచ్చుకున్నాను.

పాలిష్ చేసిన బండ అద్దంలా కనిపిస్తుంది, కాబట్టి చదునుగా ఉందనుకుంటాం. లేత్ వర్క్‌షాపు నుంచి సూటి పట్టీ అడిగి తెచ్చి నిలువుగా పెట్టి, కింద ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచని ఉక్కు ఆకులు) దూర్చి చూస్తే మధ్యలో 0.35 మి.మీ. సందు. ఫ్రెట్టు ఎత్తే సుమారు 1 మి.మీ. అయినప్పుడు ఇది చిన్న సంగతి కాదు. మిషను మెరుపు తెస్తుంది, మెరుపుకూ చదునుకూ సంబంధం లేదు.

రెండు బండల మధ్య వాల్వు గ్రైండింగ్ పేస్టు, నీళ్లు వేసి రుద్దితే రెండూ చదునవుతాయని నాకు చెప్పినవాళ్లు చాలామంది. రుద్దాను. చివరికి రెండూ మూకుడు మీద మూతలా కూర్చున్నాయి, సందే లేదు. పట్టీ పెట్టి చూస్తే పై బండ 0.20 మి.మీ. గుంట, కింది బండ 0.20 మి.మీ. ఉబ్బు. ఒకదానికొకటి సరిపోయాయి, రెండూ తప్పే. పై బండ అంచులు దాటి ఊగినప్పుడల్లా దాని మధ్య భాగం, కింది దాని అంచులు ఎక్కువ అరుగుతాయి.

దీనికి మందు 1840లో ఇంగ్లండు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ చెప్పినదే: మూడో పలక. రెండు పలకలు ఉబ్బూ గుంటగా జోడు కుదరవచ్చు. మూడింటిలో ఏ రెండు కలిపినా సరిపోవాలంటే మూడూ చదునుగా ఉండక తప్పదు.

1. మూడు బండలకూ అంచున క, ఖ, గ అని గీయండి.
2. క-ఖ రుద్దండి. ప్రతి ఇరవై నెట్టుళ్లకూ పై బండను అటు చివర ఇటు తిప్పండి.
3. తర్వాత ఖ-గ, ఆ తర్వాత గ-క. ప్రతి విడతలో పైన ఉండేదీ కింద ఉండేదీ మారాలి.
4. బండ పొడవులో మూడో వంతుకు మించి బయటికి నెట్టవద్దు.
5. ముతక పేస్టుతో గీతలన్నీ ఒకే తీరుగా మారాక కడిగి, సన్న పేస్టుకు మారండి. ముతక గింజ ఒక్కటి మిగిలినా మళ్లీ మొదటికి వస్తుంది.

మన నల్లరాయి సున్నపురాయి జాతిది, గ్రానైటంత గట్టిది కాదు. అందుకే చేత్తో చేయగలిగాం. గ్రానైటుతో దిగితే ఓపిక చాలదు. బండలు కింద కదలకుండా గోనెసంచి తడిపి పరిచాను. బురద నల్లగా, చిక్కగా వస్తుంది. కాలువలో పోయకండి, గడ్డకడుతుంది.

విడతల వారీగా మధ్య సందు: మొదట 0.35, క-ఖ తర్వాత 0.20, మూడు బండల మొదటి చుట్టు తర్వాత 0.12, ఆపై 0.07. చివరికి 0.05 మి.మీ. ఆకు ఏ బండ మీదా ఎక్కడా దూరలేదు. అక్కడ ఆపాను. క బండకు 120 నంబరు ఉప్పు కాగితం అతికించి, దాని మీద ఫ్రెట్‌బోర్డు రుద్దాను. పెన్సిలుతో అడ్డగీతలు గీసి రుద్దితే, గీతలు చెరగని చోటే పల్లం.

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అందరూ చేయదగ్గది ఈ దశే. గిటారు వద్దనుకున్నా ఉలులు, చిత్రికలు పదును పెట్టుకోవడానికి ఈ బండలు జీవితకాలం ఉంటాయి.

ఖర్చు: తునకలు 150, పేస్టు 360, ఉప్పు కాగితం 200. ఇప్పటిదాకా రూ. 2,660.

దశ 4: ఫ్రెట్లు

సున్నా ఫ్రెట్టు నుంచి దూరాలు: 1వది 34.21 మి.మీ., 2వది 66.51, 3వది 96.99, 5వది 152.92, 7వది 202.74, 12వది 304.80, 19వది 406.17, 24వది 457.20. మిగతావి మీరే కట్టుకోవచ్చు: మిగిలిన తీగ పొడవును 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్టుకు దూరం వస్తుంది. కానీ ప్రతి కొలతా సున్నా ఫ్రెట్టు నుంచే గుర్తుపెట్టాలి. ఒక ఫ్రెట్టు నుంచి ఇంకో ఫ్రెట్టుకు కొలుచుకుంటూ పోతే పెన్సిలు మందమే 24 సార్లు కలిసి, చివర 2 మి.మీ. తేడా చూపింది. 23, 24 ఫ్రెట్ల మధ్య దూరమే 9 మి.మీ. అయినప్పుడు అది ఘోరం.

గాడి కోయడానికి ప్రత్యేక రంపం కొనలేదు. మామూలు హాక్‌సా బ్లేడు మందం 0.65 మి.మీ. ఉన్నా, పళ్లు అటూ ఇటూ వంచి ఉంటాయి కాబట్టి గాడి 0.9 వస్తుంది, ఫ్రెట్టు తీగ అందులో వదులుగా ఊగుతుంది. బ్లేడును ఖ బండ మీద పడుకోబెట్టి రెండు పక్కలా సన్న పేస్టుతో రుద్దితే ఆ వంపు అరిగిపోతుంది. తర్వాత గాడి 0.65. ఫ్రెట్టు సుత్తితో బిగువుగా దిగింది. తుమ్మలో కోత నిదానం, రెండో బ్లేడు సిద్ధంగా ఉంచుకోండి.

ఖర్చు: ఫ్రెట్టు తీగ 650, బ్లేడ్లు 60, ఫీలర్ గేజి 220. ఇప్పటిదాకా రూ. 3,590.

దశ 5: ట్రెమొలో

అసలు గిటారులో ట్రెమొలో పలక గట్టిపరచిన ఉక్కు అంచు మీద ఊగుతుంది. తీగల లాగుడుకు ఎదురు నిలిచేవి 1928 నాటి పాంథర్ మోటారు సైకిలు వాల్వు స్ప్రింగులు రెండు. చేతికర్ర సైకిలు సంచి కొక్కెంది, దాని కొసన అమ్మ అల్లిక సూది ముక్క. కొక్కెం ఏదైనా ఒకటే, స్ప్రింగు మాత్రం లెక్క ప్రకారం ఉండాలి.

ఈ తీగ పొడవుకు 9-42 సెట్టు (సన్న తీగ 0.009, లావు తీగ 0.042 అంగుళాల మందం) వేస్తే ఆరు తీగలూ కలిసి సుమారు 34 కిలోలు లాగుతాయి. అంచు నుంచి తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయో, స్ప్రింగులు అంతే లోతున పెట్టాను. అంటే స్ప్రింగుకు 17 కిలోలు. డ్రిల్లు స్టాండు కింద ఇంట్లో బరువు చూసుకునే తూకం పెట్టి, దాని మీద స్ప్రింగు నిలబెట్టి, చక్‌తో నొక్కుతూ చదివాను.

పెద్ద బైకు స్ప్రింగు 17 కిలోలకు 4 మి.మీ. మాత్రమే కుంగింది. బిగించి చూస్తే చేతికర్ర బలమంతా పెట్టి నొక్కినా అర స్వరం కన్నా దిగలేదు. 100 సీసీ బండి స్ప్రింగు అదే బరువుకు 9 మి.మీ. కుంగింది, స్వరం హాయిగా దిగుతోంది. కొనేటప్పుడు రెండు జతలు తెచ్చి, దగ్గరి జోడు ఏరుకోండి. ఒకే పెట్టెలో ఉన్నవాటిలోనూ కిలోన్నర తేడా కనిపించింది.

అసలు గొడవ అంచు దగ్గర వచ్చింది. మొదట మెత్తటి ఇనుప పట్టీని ఆకురాయితో అంచుగా తీసి బిగించాను. కర్ర నొక్కి వదిలితే మూడో తీగ 14 సెంట్లు తక్కువలో ఆగుతోంది (అర స్వరం అంటే 100 సెంట్లు). పలక విప్పి భూతద్దంలో చూస్తే అంచు నలిగి, వెంట్రుక మందం బల్లపరుపు పట్టీలా మారింది. అంచు మీద ఊగవలసింది ఆ పట్టీ మీద జారుతోందన్నమాట.

లారీ కమాను పట్టీ ముక్కను లేత్ షాపులో కోయించి కమ్మరి దగ్గరికి తీసుకెళ్లాను. "ఇంత ముక్కకు కొలిమి వెలిగించాలా సార్?" అన్నాడు. కొడవళ్లు కాల్చేటప్పుడు పక్కన పెట్టమన్నాను. నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్తుంటే ఆపేలోపు ఆయనే, "నీళ్లలో వేస్తే పగులుతుంది, నూనెలో వేద్దాం" అన్నాడు. చల్లారాక ఆకురాయి పెడితే పట్టకుండా జారింది. రుద్ది మెరిపించి, ఎండుగడ్డి రంగు వచ్చేదాకా మళ్లీ మెల్లగా కాచి ఆపాడు. ఆ రెండో కాపు లేకపోతే అంచు గాజులా పెచ్చులూడుతుంది.

గట్టి అంచు వేశాక తేడా 14 నుంచి 5 సెంట్లకు తగ్గింది. మిగిలిన 5 ఎక్కడిదో వెతికితే నట్ (తల దగ్గర తీగలు సాగే గాళ్ల పట్టీ) దగ్గర దొరికింది. సున్నా ఫ్రెట్టు ఉన్నప్పుడు తీగ కూర్చునేది ఫ్రెట్టు మీద. నట్ దారి చూపడానికే. నేను కోసిన గాళ్లు తీగను పట్టేస్తున్నాయి. వెడల్పు చేశాను, తేడా 2 సెంట్లు. రెడ్ స్పెషల్ తలకు వాలు చాలా తక్కువ, తీగలు దాదాపు సూటిగా శ్రుతి మరలకు పోతాయి. ఇదీ అందుకే. ఫొటోల్లో ఇది కంటికి ఆనదు, నకలు చేసేవాళ్లు మొదట వదిలేసేదీ ఇదే.

రోలర్లు 6 మి.మీ. ఇత్తడివి, లేత్‌లో తీయించాను. ఇరుసు 2.0, రంధ్రం 2.4 వచ్చిన తొలి విడత ఒకటో తీగకు జుమ్మంటూ మోగింది. రంధ్రం 2.1 ఉండాలని కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాటగా చెప్పవద్దు.

ఖర్చు: స్ప్రింగులు 480, లేత్ పని 900, కమాను ముక్క 100, కమ్మరికి 200, రోలర్లు 600. ఇప్పటిదాకా రూ. 5,870.

దశ 6: పికప్‌లు, స్విచ్‌లు

మే మొదట సొంతంగా అయస్కాంతాలతో పికప్‌లు చుట్టాడు. ధ్రువాలు ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణంగా ఉండడంతో తీగను పక్కకు లాగినప్పుడు శబ్దం చెడింది. చివరికి బర్న్స్ కంపెనీ ట్రై-సోనిక్ పికప్‌లు కొని, లోపల ఎపాక్సీ నింపాడు. అందుకే చుట్టే పని నేను పెట్టుకోలేదు, లోహపు మూత ఉన్న మూడు పికప్‌లు తెప్పించాను. మీటరులో 6.1, 6.2, 6.3 కిలో ఓమ్‌లు.

1. మూడూ వరుసగా కలిపితే మీటరు 18.6 చూపాలి. 2 దగ్గర చూపితే సమాంతరంగా కలిపినట్టు.
2. వరుస కలయికలో ఆన్-ఆఫ్ స్విచ్ పికప్‌ను తెంచకూడదు, దాని రెండు కొసలనూ కలపాలి. తెంచితే గిటారంతా మూగపోతుంది.
3. ప్రతి పికప్‌కూ ఇంకో స్విచ్, కొసలు తారుమారు చేయడానికి. రెండు పికప్‌లు ఎదురెదురుగా పలికినప్పుడు కింది స్వరాలు చాలావరకు కొట్టుకుపోయి, ముక్కుతో పాడినట్టు సన్నటి నాదం మిగులుతుంది. మే ధ్వనిని గుర్తుపట్టించేవాటిలో ఇదొకటి.

తారుమారు స్విచ్ వేయగానే హమ్ మొదలైంది, మూత ముట్టుకుంటే ఇంకా పెరిగింది. కారణం, మూత పికప్ కింది కొసకు టాంకా వేసి ఉంది. కొసలు మారగానే మూత సిగ్నలు వైపు వచ్చి యాంటెన్నాలా పనిచేస్తోంది. ఆ లంకె కత్తిరించి, మూతకు విడిగా వైరు వేసి నేరుగా ఎర్త్‌కు కలిపాను. హమ్ ఆగింది. కొనేముందే పికప్‌కు రెండు వైర్లున్నాయా, మూడున్నాయా అడగండి. మూడుంటే ఈ బాధ లేదు.

ఖర్చు: పికప్‌లు 2,100, స్విచ్‌లు 180, పాట్లు (శబ్దం పెంచి తగ్గించే గుబ్బలు), వైరు, జాక్ 320. ఇప్పటిదాకా రూ. 8,470.

దశ 7: బిగింపు, మిగిలిన పని

బరువు 3.4 కిలోలు. 12వ ఫ్రెట్టు దగ్గర తీగ ఎత్తు లావు వైపు 1.8, సన్న వైపు 1.5 మి.మీ. నెక్ ముందుకు వంపు 8వ ఫ్రెట్టు దగ్గర 0.2 మి.మీ.

మే ప్లాస్టిక్ పిక్ వాడడు, ఆరు పెన్నీల నాణెంతో మీటుతాడు. దాని వ్యాసం 19.4 మి.మీ. మన పాత 25 పైసల రాగి-నికెలు నాణేన్ని వెర్నియర్‌తో కొలిస్తే 19 వచ్చింది, అంచున గీతలూ ఉన్నాయి. 2011లో చెలామణి పోయిన నాణెం కాబట్టి డబ్బాలో పడి ఉంటుంది, వెతకండి. గీతల అంచుతో ఏటవాలుగా మీటితే తొలి క్షణంలో గరగర వినిపిస్తుంది. నాణెం వంగదు కాబట్టి వేళ్లు వదులుగా పట్టుకోవాలి, లేకపోతే సన్న తీగ తెగుతుంది. ఒక సెట్టు అలాగే పోయింది.

ఖర్చు: మరలు 1,200, తీగలు రెండు సెట్లు 900, జిగుర్లు 340, వార్నీషు 400. మొత్తం రూ. 11,310.

మూడో తీగ 17వ ఫ్రెట్టు దగ్గర ఇంకా జిర్రుమంటోంది. 18వది 0.08 మి.మీ. ఎత్తుగా ఉంది. తీగలు విప్పి, గ బండ నుంచి సన్నటి పట్టీ కోయించి, దానికి 400 నంబరు కాగితం అతికించి 15 నుంచి 24 దాకా ఒకే విడత రుద్దాలి. ఆ తర్వాతే వార్నీషు రెండో పూత; వర్షాకాలం తేమ రాకముందే అది ఆరాలి.